'వద్దు' అంటే బెట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో చూడదగ్గ కొరియన్ ప్రేమకథలంటూ ఒక జాబితా ఇచ్చారు. అందులో 2005లో వచ్చిన 'రూల్స్ ఆఫ్ డేటింగ్' గురించి 'కొంటె హీరో, బెట్టు చేసే హీరోయిన్, బోలెడు నవ్వులు' అని రాశారు. అది నమ్మి డిగ్రీ చదివే మా మనవరాలితో కలిసి చూడ్డానికి కూర్చున్నాను. సగంలో అది రిమోట్ నొక్కి ఆపేసి, "అమ్మమ్మా, ఆవిడ వద్దంటోంది కదా, వీళ్లు బెట్టంటారేంటి?" అంది.

కథేమిటంటే, హీరో పార్క్ హే-ఇల్ హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరు. హీరోయిన్ కాంగ్ హే-జంగ్ ఆ బడికి శిక్షణకు వచ్చిన ఛాత్రోపాధ్యాయిని. ఇద్దరికీ వేరే తోడున్నా అతగాడు మొహమాటం లేకుండా పడక సంగతి ఎత్తుతాడు. ఆమె కాదంటే మళ్లీ అడుగుతాడు, పిల్లలతో యాత్రకు వెళ్లినచోట ఆమె వద్దంటున్నా వినడు.

నేను బీఈడీ కాలేజీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. బోధనాభ్యాసానికి వెళ్లిన పిల్లల లెసన్ ప్లాన్ రికార్డు మీద ఆ బడి టీచరు సంతకం పడాలి. ఒకమ్మాయి ఆ సంతకానికి వెళ్లినప్పుడల్లా స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్లేది. ఎందుకమ్మా అని నేనెప్పుడూ అడగలేదు. ఈ సినిమా చూస్తుంటే ఆ పిల్లే గుర్తొచ్చింది.

సినిమా చెడ్డదని అనను. తానేం చూపిస్తున్నాడో దర్శకుడు హాన్ జే-రిమ్‌కు తెలుసు. పాత ప్రేమ వ్యవహారంలో నిందంతా తన మీదే పడి హీరోయిన్ ఎలా బెదిరిపోయిందో చెప్పిన తీరు బాగుంది. చివర్లో ఇద్దరినీ మళ్లీ కలపడమే నాకు మింగుడు పడలేదు.

'పదిసార్లు గొడ్డలి వేస్తే పడని చెట్టు లేదు' అని కొరియా వాళ్ల సామెత. ఆడపిల్లల వెంటపడే కుర్రాళ్లకు ఇదే నూరిపోసేవారట. వెంటపడి వేధిస్తే శిక్షించే ప్రత్యేక చట్టం అక్కడ 2021 అక్టోబరులో గానీ అమల్లోకి రాలేదు. అప్పటిదాకా చిల్లర నేరమే, చిన్న జరిమానాతో సరి. ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో సియోల్ సిందాంగ్ మెట్రో స్టేషన్లో ఒక ఉద్యోగినిని, ఏళ్లుగా వేధిస్తున్న మాజీ సహోద్యోగే చంపేశాడు. ఆ వేధింపుల కేసులో అతనికి మర్నాడే తీర్పు రావాల్సి ఉంది. బాధితురాలు శిక్ష వద్దంటే కేసు ముందుకు సాగదన్న నిబంధనను 2023లో తీసేశారు. మన దగ్గర వెంటపడటం 2013 నుంచే నేరం. మన సినిమా పాటలకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు, అది వేరే సంగతి.

సినిమాను ఆపమని అడగటం లేదు. ఇందులో బలవంతపు సన్నివేశాలున్నాయని, పెద్దవాళ్లకే తగినదని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ 'బెట్టు' అన్న మాటకు వచ్చే ఆదివారం సవరణ వేయగలరా?

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం