రాత్రిపూట కడుపు నొప్పి లేస్తే ఏ దవాఖానకు పోవాలె సార్?

జిల్లా వైద్యాధికారి గారికి నమస్తే,

మాది వరంగల్ దిక్కు ఒక పల్లె సార్. పత్తి ఏరే టైంల పొద్దుగాల మా తమ్మునికి బొడ్డు చుట్టు నొప్పి లేశింది, అవ్వ గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాపింది, ఊళ్లె ఆర్ఎంపీ సూది వేసిండు. రాత్రయ్యేసరికి అదే నొప్పి కుడిపక్క కిందికి దిగింది, వాంతులు, జ్వరం, ఆటో గుంతల పడ్డప్పుడల్లా మోకాళ్లు పొట్టకు ముడుచుకుని అరుస్తుండు. అది అపెండిక్స్ అని మాకేం ఎరుక? మొదలు పోయిన దవాఖానల, పేరెందుకు లెండి, సర్జన్ ఉన్నడు గని మత్తు డాక్టర్ లేడు. ఇంకో దగ్గరికి పోయేసరికి పగిలి చీము పొట్టంత పాకింది.

టైంకు చేస్తే మూడు చిన్న రంధ్రాలతోని లాపరోస్కోపీ అయిపోయేది, ఒకట్రెండు రోజులల్ల ఇంటికొచ్చేటోడు. ఇప్పుడు పొట్ట కోసి కడిగి పైపు పెట్టిన్రు, పన్నెండు రోజులు మంచం మీదనే ఉన్నడు. ఆరోగ్యశ్రీని 2023 డిసెంబర్ల 10 లక్షలకు పెంచిన్రు, చాన మంచి పని, కానీ రాత్రి మత్తిచ్చేటోళ్లు లేకుంటే ఆ 10 లక్షలు ఏం అక్కరకొస్తయి సార్?

రాత్రి సర్జన్, మత్తు డాక్టర్, స్కానింగ్ మూడూ ఏ దవాఖానల ఉన్నయో ఆ లిస్టు ప్రతి పీహెచ్‌సీ గోడ మీద పెట్టించుండ్రి, 108 వాళ్లకూ ఇయ్యుండ్రి. బొడ్డు కాడి నొప్పి కుడిపక్కకు దిగితే సూదేసి ఇంటికి పంపొద్దని ఆశా అక్కలకు, ఆర్ఎంపీలకు గట్టిగ చెప్పించుండ్రి. పగిలినప్పుడు నొప్పి కొద్దిసేపు తగ్గినట్టే ఉంటదట, మేం గూడ ఆటోల అట్లనే తగ్గిందనుకుని సంబురపడ్డం సార్.