అమ్మ గుండెని ఇంటికొచ్చి చూసిన ఆ నర్సుగారికి

అమ్మ ఇప్పుడు వెల్లకిలా పడుకోగలుగుతోంది. నాకే ఇంకా నిద్ర పట్టడం లేదు, అయినా ఇవాళే రాయాలి.

మేముండేది ఇంగ్లండ్‌లో. గుండె బలహీనమై అమ్మకి నీరు చేరింది, విపరీతమైన ఆయాసం. ఆసుపత్రిలో బెడ్ లేదని ఎనభై దాటిన మనిషిని, ఒంటిమీద ఆ గౌనుతో, వచ్చేపోయేవాళ్ల మధ్య వరండాలో రాత్రంతా ట్రాలీ మీదే ఉంచారు. తెల్లారాక ‘హాస్పిటల్ ఎట్ హోమ్’ టీమ్ వాళ్లు ఇంటికే వచ్చి చూస్తామన్నారు.

ఆ వచ్చిన నర్సుగారి రుణం ఎలా తీర్చుకోను? బ్యాగులోంచి చేతిలో పట్టేంత ప్రోబ్ తీసి ట్యాబ్‌కి తగిలించారు, అదే అల్ట్రాసౌండ్ మెషీన్. జెల్ చల్లగా ఉంటుందని ముందు అరచేతుల్లో వెచ్చబరిచారు. అమ్మ పైట గట్టిగా పట్టుకోవడం చూసి ఏమీ అడక్కుండా వీపు వైపు నుంచి మొదలుపెట్టారు, గుండె చూడాల్సి వచ్చినప్పుడు మా ఆయన్ని బయటికి పంపి, కర్టెన్ వేసి, అవసరమైనంతే జరిపి, మళ్లీ తనే పైట సర్దారు. ఆ తర్వాత స్క్రీన్ అమ్మ వైపు తిప్పారు. పైనుంచి కిందికి తెల్లటి గీతలు. పక్కటెముకల సందులో అవి 3 గానీ ఎక్కువ గానీ ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉండొచ్చట. డాక్టరుతో ఫోన్లో మాట్లాడి అక్కడే నరానికి ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో చేరిన నీరు తీసేసే మందు) ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత ఎప్పుడొచ్చినా "చూడండి, గీతలు తగ్గాయి" అని అమ్మకే చెప్పేవారు, నేను తెలుగులో చెప్పేదాకా ఆగేవారు. అమ్మని మనిషిలా చూశారండీ. వంటింట్లోకి వెళ్లి ఏడ్చేశాను.

కానీ ఇది ఉన్న ఊరిని బట్టి దొరికేది కాకూడదు. పక్క ఊళ్లో మా స్నేహితురాలి మామగారికి ఇంటికి ప్రోబ్ తెచ్చేవాళ్లే లేరు. ఇండియాలో అయితే 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉంది, దాని కింద 2012లో తెచ్చిన నిబంధన పోర్టబుల్ మెషీన్లని ఇన్‌పేషెంట్లుండే ఆసుపత్రులకీ మొబైల్ మెడికల్ యూనిట్లకీ పరిమితం చేసింది. ఆడపిల్లల కోసం ఆ చట్టం ఉండాల్సిందే, కాదనను. మంచం దిగలేని గుండెజబ్బు పెద్దవాళ్లకి కూడా ఏదో ఒక దారి చూపించాలి కదా!

మా ఆయన, పిల్లలు, తమ్ముడు అందరూ చేశారు, వాళ్లకి వేరే చెప్పాలా.

అయ్యో, రాత్రిపూట మందులు తెచ్చిచ్చిన ఫార్మసీ డ్రైవర్‌కి కూడా థాంక్స్. ఉప్పు లేని కిచిడీ పంపిన పక్కింటి గుజరాతీ ఆంటీకి కూడా. ఆ వరండాలో ఎక్కడినుంచో ఇంకో దుప్పటి తెచ్చి అమ్మ కాళ్లకి కప్పిన పోర్టర్ అబ్బాయికీ, పేరు అడగలేదు నాయనా, చల్లగా ఉండు.