కట్టెల మిషను, ఒంటిచేతి పని

ఎడిటర్ గారికి,

మాది టోలిచౌకిలో కేటరింగ్ పని, పెళ్లి బిర్యానీ అంటే మాకు ఇప్పటికీ కట్టెల పొయ్యే. గొడ్డలి పక్కనపెట్టి ఫ్లైవీల్‌తో, అంటే బరువైన తిరిగే చక్రంతో నడిచే కట్టెలు చీల్చే మిషను కొన్నాం. హైడ్రాలిక్‌ది నూనె ఒత్తిడితో నిదానంగా నెడుతుంది, ఇదైతే తిరిగే చక్రాల్లోని ఊపంతా ఒక్కసారిగా మొద్దు మీద పడేస్తుంది, రెండు మూడు సెకన్లలో తుమ్మ మొద్దు ఫట్‌మని రెండు చెక్కలు! ముడులున్న చింతమొద్దు దగ్గర మాత్రం ఇరుక్కుంటుంది, చక్రం మళ్లీ వేగం అందుకునేదాకా ఆగాల్సిందే.

అసలు టెన్షన్ వేరే. చెయ్యి మొద్దు దగ్గరికి పోకుండా, రెండు లివర్లను రెండు చేతులతో పట్టుకుంటేనే కదలాల్సిన మిషనుకి ఒక లివరును తాడుతో కట్టేసి మా కుర్రాడు ఒంటిచేత్తో నడిపేస్తున్నాడు, అడిగితే "స్పీడ్ కోసం సార్" అన్నాడు. ఆ తాడు నేనే కోసేశాను. ఒంటిచేత్తో నడిచే మిషన్లు అసలు అమ్మకానికే రాకుండా అధికారులు చూడాలి.

ఇట్లు,
ఒక కేటరర్, హైదరాబాద్