బాలల పుస్తకాల గది – 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన కాలనీ సంఘం ఆఫీసు వెనక గదిలో నడుస్తున్న పిల్లల పుస్తకాల గది ఈ ఏడాది ఏం చేసిందో మీ ముందు పెడుతున్నాను. శని, ఆదివారాల్లో సాయంత్రం రెండు గంటలు తెరుస్తున్నాం. పరీక్షల నెల తప్పిస్తే ఎప్పుడూ మూసింది లేదు. జమాఖర్చుల పత్రం విడిగా జత చేశాం కాబట్టి ఆ అంకెలు ఇక్కడ మళ్ళీ రాయడం లేదు.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీరంతా ఒక మాట అన్నారు. పిల్లలకు బయటి దేశాల గురించి తెలిసే పుస్తకాలు కొనమన్నారు, డబ్బూ కేటాయించారు. జూన్‌లోనే ఒక సెట్టు కొన్నాం. దేశానికో పుస్తకం. జెండా, రాజధాని, కరెన్సీ, జాతీయ జంతువు, సంప్రదాయ దుస్తుల్లో ఒక బాబు, ఒక పాప. నున్నటి కాగితం, మంచి రంగులు. ఆగస్టు ఆఖర్న రిజిస్టరు తీసి చూస్తే వాటిలో ఇంటికి వెళ్ళినవి రెండే. ఆ రెండూ స్కూల్ ప్రాజెక్టు కోసం బొమ్మలు గీసుకోవడానికి తీసుకెళ్ళినవి. ఎంపిక చేసింది కమిటీయే, పొరపాటు కూడా కమిటీదే. జెండా చూసినంత మాత్రాన పిల్లలకు ఆ దేశం మీద ఇష్టం పుట్టదు. అక్కడ తమ ఈడు పిల్ల ఒకతి ఉండాలి. ఆ పిల్లకు ఆకలి వేయాలి, టీచరు చేత తిట్లు పడాలి, స్నేహితురాలితో కట్టీ కావాలి. అప్పుడే పేజీ తిప్పుతారు. మిగిలిన డబ్బుతో కథలే కొన్నాం.

వాటిలో పిల్లలు వదలకుండా చదివింది ‘రైలుబడి’. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసిన పుస్తకం. 1981లో వచ్చింది. పాత రైలు పెట్టెల్లో నడిచే తొమోయే అనే బడి, కొబయాషి అనే హెడ్మాస్టరు. ఆయన పిల్లల అమ్మలకు చెప్పేది ఒక్కటే, క్యారేజీలో సముద్రం నుంచి కొంచెం, కొండల నుంచి కొంచెం ఉండాలని. ఆ రెంటిలో ఏదైనా లేని పిల్లలకు ఆయన భార్య రెండు గిన్నెలు పట్టుకుని తిరిగి వడ్డించేది.

దసరా సెలవుల్లో మన పిల్లల్నీ బాక్సులు తెచ్చుకోమన్నాం. గోంగూర పచ్చడి, బెండకాయ వేపుడు వచ్చాయి. ఒక బాక్సులో ఎండు రొయ్యల కూర ఉంది, దాని చుట్టూ అందరూ మూగారు. ఒక బాబు తెచ్చుకున్నది పెరుగన్నం, మాగాయ. “నాకు సముద్రం లేదు ఆంటీ” అని మూత పెట్టేశాడు. పక్కన కూర్చున్న మూడో తరగతి పాప వాడి బాక్సులోకి తొంగి చూసి, “ఉప్పు వేయలేదా మీ అమ్మ?” అంది. చినగంజాంలో అమ్మమ్మ గారున్న పిల్లవాడు వెంటనే లేచి, ఉప్పుమడుల్లోకి సముద్రపు నీళ్ళు ఎలా పెడతారో, ఎండకు ఉప్పు ఎలా తేలుతుందో చేతులతో చూపించాడు. అరగంట అదే గోల. మూత పెట్టిన బాబు మూత తీశాడు. ఆ సాయంత్రం ‘రైలుబడి’ కోసం రిజిస్టరులో తొమ్మిది పేర్లు వరసలో పడ్డాయి. ఇంకో రెండు కాపీలు తెప్పించాల్సి వచ్చింది.

ఆ పుస్తకం చివర్లో ఇంకోటి ఉంది. 1945లో అమెరికా విమానాలు వేసిన బాంబులకు ఆ బడి కాలిపోయింది. ఒక అమ్మాయి అడిగింది: “మా పెద్దమ్మ వాళ్ళుండే అమెరికాయేనా?” అదేనని చెప్పాం. ఏదో ఒకటి చెప్పి మాట మార్చేద్దామని నాకూ అనిపించింది, నిజమే. కానీ జపాన్ అప్పుడు ఏ యుద్ధంలో ఉందో, ఎవరి మీద దండెత్తిందో కూడా వాళ్ళకు అర్థమయ్యేంత వరకు చెప్పాం. ఇలాంటివి పిల్లలకెందుకని ఇద్దరు సభ్యులు తర్వాత అడిగారు. పిల్లలే అడిగినప్పుడు దాచకూడదని కమిటీ అభిప్రాయం.

ఏప్రిల్ 2, పిల్లల కథలు రాసిన డెన్మార్క్ రచయిత ఆండర్సన్ పుట్టినరోజు. 1967 నుంచి దాన్ని అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుతున్నారు. ఆ వారం పెద్ద పిల్లలకు యెల్లా లెప్‌మన్ కథ చెప్పాం. ఆమె యూదు మహిళ. హిట్లర్ కాలంలో జర్మనీ వదిలి ఇంగ్లండుకు వెళ్ళిపోయింది. యుద్ధం అయిపోయాక తిరిగొచ్చి చూస్తే పిల్లలకు తిండీ లేదు, పుస్తకాలూ లేవు. మీ పిల్లల పుస్తకాలు పంపండని ఇరవై దేశాలకు ఉత్తరాలు రాసింది, నిన్నటిదాకా జర్మనీతో పోరాడిన దేశాలకు కూడా. బెల్జియం ముందు కుదరదంది. జర్మనీ వాళ్ళ మీదికి రెండుసార్లు దండెత్తింది మరి. ఆమె మళ్ళీ రాసింది. ఈసారి పంపారు. 1946లో మ్యూనిక్‌లో ఆ పుస్తకాలన్నీ ప్రదర్శనకు పెట్టారు. పోట్లాటకు రాకుండా పూల వాసన చూస్తూ కూర్చునే ఎద్దు కథను ఆమే జర్మన్‌లోకి మార్చి, న్యూస్‌ప్రింట్ మీద 30,000 కాపీలు వేయించి బెర్లిన్ పిల్లలకు పంచింది. 1949లో మ్యూనిక్‌లోనే పిల్లల కోసం అంతర్జాతీయ గ్రంథాలయం మొదలుపెట్టింది. అది ఈరోజుకీ నడుస్తోంది. ఆమె కథ మొదలైంది ఉత్తరాలతోనే కాబట్టి, తమకు కావలసిన పుస్తకాల కోసం మన పిల్లలు మీకు రాసిన ఉత్తరాలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. దయచేసి ఆగి చదవండి.

మన పెద్దవాళ్ళ సాయం మరచిపోకూడదు. ఇద్దరు సభ్యులు అటకల మీది నుంచి పాత సోవియట్ పిల్లల పుస్తకాలు దించి ఇచ్చారు. విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొద్ది రూపాయలకే దొరికేవి అవి. వాటిని తెలుగు చేయడానికి ఉప్పల లక్ష్మణరావు గారి వంటి వాళ్ళు మాస్కో వెళ్ళి ఉండి పనిచేశారు. అట్టలు ఊడిన వాటికి కుట్లు వేయించాం. ఇవి ఇంటికి ఇవ్వం, గదిలోనే చదవాలి. రష్యా వాళ్ళు టీకి నీళ్ళు కాచుకునే సమోవార్ బొమ్మ చూపించి “మా ఇంట్లో లేదుగానీ ఇందులో టీ ఎలా కాస్తారో నాకు తెలుసు” అని ఒక తాతగారు మొదలుపెడితే పిల్లలు కదల్లేదు.

ఒక నియమం మార్చాం. గేటు దగ్గర పనిచేసే నేపాల్ కుటుంబంలో ఐదో తరగతి చదివే అమ్మాయి ఉంది. వారాల తరబడి గుమ్మం బయటే నిలబడి చూసేది. ఎందుకంటే కార్డుకు ఫ్లాట్ నంబరు కావాలని మన రిజిస్టరులో గడి ఉంది. ఇన్నాళ్ళూ అది మా కళ్ళకు ఆనకపోవడం బాధగా ఉంది. ఇప్పుడు ఫ్లాట్ నంబరు అక్కర్లేదు. కాలనీలో పనిచేసే అందరి పిల్లలకూ కార్డు ఇస్తున్నాం.

ఆ అమ్మాయి కోసం స్టోరీవీవర్ నుంచి ఒక బొమ్మల కథను నేపాలీలో, తెలుగులో ప్రింటు తీసి, ఎదురెదురు పేజీల్లో అంటించాం. ఆ సైటులో కథలు ఉచితం, ప్రింటు తీసుకోవడానికి అనుమతి ఉంది. ఆమె నేపాలీ పేజీ చదివితే మన పాప ఒకతి తెలుగు పేజీ చదివింది. నేపాలీ రాసేది హిందీ అక్షరాలతోనేనని కనిపెట్టిన పిల్లలు తామూ చదువుతామని ఎగబడ్డారు. దశైం పండక్కి తమ ఊళ్ళో వెదురు గడలతో ఎంత ఎత్తు ఊయల కడతారో ఆమె చీపురు పుల్లలు నిలబెట్టి చూపించింది.

వచ్చే ఏడాదికి రెండే అభ్యర్థనలు. గదిలో బీరువా ఎత్తుగా ఉంది, చిన్నపిల్లలకు అందే కింది అర ఒకటి చేయించాలి, దానికి అనుమతివ్వండి. పుస్తకాలు దానమిచ్చేవారు ఇచ్చే ముందు ఒకసారి తిరగేయండి. ఆఫ్రికా అంటే గుడిసెలు, సింహాలే ఉన్నవి ఈసారి నాలుగు వచ్చాయి, వాటిని అరలో పెట్టలేదు. నైరోబీలోనో లాగోస్‌లోనో బస్సెక్కి బడికెళ్ళే పిల్లల కథలు మీ కంట పడితే తెచ్చివ్వండి. విదేశాల్లో ఉన్న మీ పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒక్క పుస్తకానికి చోటుంచమని చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి, బాలల పుస్తకాల కమిటీ