అడవిలోకి వెళ్లినవాళ్లు తిరిగి రావాలి: నెల్లూరు జిల్లా అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పెంచలకోన చుట్టూ ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యంలో ఫోటోలు తీయడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 28వ సెక్షన్ కింద అనుమతి ఇస్తారు. వెళ్లినవాడు తిరిగొచ్చాడా లేదా అని చూసేదెవరు?

చిరుత గురించి నాకంత భయం లేదు, మనిషి అలికిడికి అదే తప్పుకుంటుంది. ఎలుగుబంటి అలా కాదు. దానికి చూపు సరిగా ఆనదు. పుట్ట తవ్వుకునే పనిలో పడి, మనం దగ్గరికొచ్చేదాకా గమనించదు, ఉలిక్కిపడి మీద పడుతుంది. అంతకన్నా ఘోరం, అడవి అంచు పొలాల్లో పందుల కోసం దొంగచాటుగా లాగే కరెంటు తీగలు. తెల్లవారకముందే ఆ గట్ల మీద నడిచేది ఫోటోలు తీసే మేమూ, పశువుల కాపరులూ, రైతులూ. విద్యుత్ సిబ్బందితో కలిసి రాత్రి తనిఖీలు చేయించండి.

గేటు దగ్గర తిరిగొచ్చే వేళ రాయించుకోండి. వేళ దాటితే వెతకడానికి మనుషులు బయల్దేరాలి. అడవి తెలిసిన యానాది యువకులకు శిక్షణ ఇచ్చి, సరైన కూలితో మా వెంట పంపండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ విరుగుడు ఇంజెక్షన్ ఒకటే. అది ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో అనుమతి పత్రం మీదే అచ్చు వేయించండి.

ఇట్లు,
నెల్లూరు ఫోటోగ్రాఫర్ ఒకరు