మా నాయన పుస్తకం ప్రెస్సుకు వెళ్లింది, అందరికీ దండాలు

అందరికీ నమస్కారం. మా నాయన రాసిన యుద్ధ వార్తల జ్ఞాపకాలు ఎట్టకేలకు ప్రెస్సుకు వెళ్లాయి. ముందుమాటలో ‘సహకరించిన అందరికీ కృతజ్ఞతలు’ అని ఒక్క లైనుతో సరిపెట్టేశాడు నాయన. పాత విలేకరి కదా, ఒక లైనులో పోయేదానికి రెండో లైను పెట్టడు. నాకు మాత్రం అది చాల్లేదు. పేర్లు వద్దన్నవాళ్లు కొందరున్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలుస్తుంది.

అసలు ఈ పుస్తకం 2021 నవంబరులోనే పోవాల్సింది. ఆ వానల్లో తిరుపతి ఎట్లా మునిగిందో మీకు చెప్పక్కర్లేదు. మా ఇంట్లోకి నీళ్లొచ్చేసరికి బియ్యం, గ్యాస్ సిలిండరు పైకెత్తుకున్నాం గానీ మంచం కింద ట్రంకుపెట్టె ఎవరికీ గుర్తు రాలేదు. నాయన నోటుబుక్కులన్నీ అందులోనే ఉన్నాయి. తీసి చూస్తే అట్టలు ఉబ్బిపోయి, కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. పాత రికార్డులు భద్రపరిచే పని తెలిసిన స్నేహితురాలికి ఫోన్ చేస్తే, “ఎండలో పెట్టొద్దు, పేజీలు విడదీయొద్దు, బూజు పట్టకముందే డీప్ ఫ్రీజర్‌లో పెట్టెయ్” అంది. తడిసిన కాగితం గడ్డకడితే బూజు ఆగుతుందట, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చట. మా ఇంటి ఫ్రిజ్‌లో ఐస్ ట్రేకే చోటు లేదు. వీధి చివర ఐస్‌క్రీమ్ షాపు తమ్ముడిని మొహమాటపడుతూ అడిగాను. “దానికేముందక్కా, కుల్ఫీలు ఒక పక్కకు జరిపితే సరిపాయె” అన్నాడు. ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన యుద్ధమంతా అతని ఫ్రీజర్‌లోనే ఉంది చాలా కాలం. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ వేసి, “మీ బుక్కులు బాగుండాయి” అని నాకు ఫోన్ చేసేవాడు. పైసా తీసుకోలేదు.

ఆరబెట్టే పని బైండింగ్ షాపు పెద్దాయనది. ఒక్కో పుస్తకం తెచ్చుకుని, కరిగాక, పేజీకీ పేజీకీ మధ్య అచ్చుపడని న్యూస్‌ప్రింట్ ముక్కలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చాడు. అప్పుడు తెలిసింది, ఇంకు పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలై పోయాయి, పెన్సిల్‌తో రాసినవి చెక్కుచెదరలేదు. యుద్ధం రోజుల్లో నాయన ఎక్కువగా పెన్సిల్‌తోనే రాసేవాడు. ఇంటి పద్దులు, ఆఫీసు గొడవలు ఇంకుతో రాసుకున్నాడు, అవి పోయాయి. పోతే పోనీ అంటాడు.

అట్లా దక్కినవాటిలో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన 1971 డిసెంబరు పేజీలు ఉన్నాయి. నాయన అప్పుడు విశాఖపట్నంలో ఉన్నాడు. కిటికీలకు నల్లకాగితాలు, కార్ల హెడ్‌లైట్లకు సగం నల్లరంగు. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద శబ్దం, కిటికీ అద్దాలు అదిరాయి అని మాత్రం ఉంది. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అని, అందులో ఉన్న 90 మందికి పైగా మునిగిపోయారని నౌకాదళం కొన్ని రోజుల దాకా బయటపెట్టలేదు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన మన విమాన వాహక నౌక విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. నాయన డ్రాఫ్టులో మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలతోనే, అంటే నీళ్లలో పేలే బాంబులతోనే మునిగిందని రాశాడు. నేవీలో పనిచేసి తిరుపతిలో స్థిరపడిన ఒకాయన సాయంత్రాలు వచ్చి కూర్చుని, “సార్, లోపల పేలుడు జరిగి మునిగిందని పాకిస్తాన్ అంటుంది, ఆ మాట కూడా రాయాల” అని పట్టుబట్టాడు. నాయన వాదించాడు. గొంతులు పెరిగాయి. మా అమ్మ రెండుసార్లు కాఫీ పెట్టింది. చివరికి రెండు కథనాలూ పుస్తకంలోకి వచ్చాయి. ఆ అధ్యాయం ఇప్పుడు ఎంత నిబ్బరంగా నిలబడిందో చదివితే మీకే తెలుస్తుంది.

శ్రీలంక అధ్యాయానికి పలమనేరు వైపు నుంచి వచ్చిన మాజీ సైనికుడికి రుణపడి ఉన్నాం. 1987 అక్టోబరులో జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన మన సిక్కు జవాన్ల ప్లాటూన్‌లో 30 మందికి ఒక్కడే బతికాడు. తర్వాతి హెలికాప్టర్లు ఎందుకు రాలేదని నాయన రాసుకున్న ప్రశ్న అట్లాగే ఉండిపోయింది. ఆ మాజీ సైనికుడు కాగితం మీద మైదానం గీసి, మన రేడియో మాటలు ఎల్టీటీఈ పులులు వింటున్నారని, కింది నుంచి కాల్పులు ఎంత దట్టంగా వచ్చాయో, హెలికాప్టర్లు ఎందుకు వెనక్కు తిరగాల్సి వచ్చిందో చెప్పాడు. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడు. మేమూ అడగలేదు. 1990 మార్చిలో శ్రీలంక నుంచి మన ఆఖరి దళాలు మద్రాసు రేవులో దిగితే తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. అది నాయన కళ్లారా చూసింది. ఆ పేరా ఒక్కటే ఆయన కోపంతో రాశాడు, నేను ముట్టుకోలేదు.

ఇక నాయన కాలపు విలేకరుల, సంపాదకుల గురించిన భాగం. చిత్తూరులో ఉండే ఒక రిటైర్డ్ సబ్ ఎడిటర్ ఎర్రపెన్ను పట్టుకుని ఆ భాగంలో మూడో వంతు కొట్టేశారు. నాయన అలిగి ఆ పూట అన్నం సరిగా తినలేదు. నిజం చెప్పాలంటే ఆ కోత మంచిదే. మిగిలింది చిక్కగా ఉంది. కరాచీ విలేకరి ఆంథొనీ మస్కరెన్హాస్ ఉన్నాడు. తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) అంతా సవ్యంగా ఉందని రాయించుకోవడానికి 1971 ఏప్రిల్‌లో సైన్యమే ఆయన్ను తీసుకెళ్లింది. ఆయన లండన్ చేరి, భార్యాపిల్లలు దేశం దాటేదాకా ఆగి, జూన్ 13న సండే టైమ్స్‌లో ఊచకోతను ఉన్నదున్నట్టు రాశాడు. మన ఎం. చలపతిరావు గారు ఉన్నారు. మూడు దశాబ్దాలు నేషనల్ హెరాల్డ్ పత్రికను సంపాదకుడిగా నడిపిన మనిషి 1983లో ఢిల్లీలో ఒక టీకొట్టు దగ్గర కుప్పకూలి పోతే, ఆయనెవరో అక్కడివాళ్లకు తెలియలేదు. వీళ్లతో నాయనకు పరిచయం లేదు. ఉన్నట్టు రాసుకోలేదు కూడా, అది నాకు గొప్పగా అనిపించింది.

డీటీపీ చేసిన అమ్మాయిని మరిచిపోతే పాపం తగులుతుంది. గొలుసుకట్టు రాతను, అదీ మరకల మధ్య, అంత ఓపిగ్గా చదివేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు? మొత్తం ప్రెస్సువాళ్లు వాడే అను ఫాంట్‌లో కొట్టాక, ఈ-బుక్కు కూడా వెయ్యాలి, ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ కనబడే యూనికోడ్‌లో కావాలన్నాం. మార్చేసరికి ఒత్తులన్నీ చెల్లాచెదురు. టెన్షన్ పడ్డది నేనే, ఆమె నవ్వుతూ మళ్లీ మొదటి పేజీ నుంచి దిద్దింది.

డబ్బు సర్దినవాళ్లు, ఫొటోలు స్కాన్ చేసిచ్చిన స్టూడియో అన్న, ప్రూఫులు చూసిన మా స్కూలు తెలుగు మాస్టారు, అందరికీ పేరుపేరునా దండాలు.

పుస్తకాలు సంక్రాంతి లోపల వస్తాయని ప్రెస్సువాళ్లు చెప్పారు, అంటే శివరాత్రి అనుకోండి. సాయం చేసిన ప్రతి ఒక్కరికీ కాపీ నేనే తెచ్చిస్తాను. నాయనతో మాట్లాడాలనుకుంటే సాయంత్రం ఐదు దాటాక ఇంటికి రండి. కుడిచెవి వైపు కూర్చోండి, ఎడమది వినపడదు. ఘాజీ సంగతి ఎత్తితే మాత్రం రాత్రి భోజనం మా ఇంట్లోనే.