రెండు ముక్కలు రాయమన్న తల్లి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు ముందుగా నన్ను క్షమించు. ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాము, మిగిలిన విశేషాలు మరోసారి రాస్తాను. ఒక్క సంగతి మాత్రం నీకు చెప్పనిదే నా మనసు నిలవడం లేదు.

పోయిన వారం అచ్చుతప్పులు దిద్దమని నాకిచ్చిన ఒక అనువాద కథలో, దూరదేశం వెళ్తున్న కొడుకుతో తల్లి ‘నాకొక గీత జారవిడువు’ అంటుంది. మూలంలో ఉన్నది ‘డ్రాప్ మీ ఎ లైన్’. అక్కడ లైన్ అంటే కాగితం మీది పంక్తి. ‘వీలు చూసుకుని రెండు ముక్కలు రాయి నాయనా’ అన్న ఆ తల్లి ఆపేక్ష అంతా ఒక గీత కింద అణగిపోయిందని నాకు ఎంత బాధ కలిగిందో చెప్పలేను.

ఆ రాత్రి ఒకరినొకరు పలకరించుకోమని చెప్పే ఇటువంటి ఇంగ్లీషు పలుకుబడులన్నీ వెతుకుతూ కూర్చున్నాను. ఫోను చేయమనడానికి వాడే ‘గివ్ మీ ఎ రింగ్’ అన్నదానిలో పాత టెలిఫోను గంట ఇంకా మోగుతూనే ఉంది. ‘టచ్ బేస్’ బేస్‌బాల్ నుంచి వచ్చింది. పరుగెత్తే ఆటగాడు మైదానంలో గుర్తుపెట్టిన ప్రతి బేస్‌నూ తాకుతూ ముందుకు పోవాలి కనుక, క్లుప్తంగా మాట్లాడుకోవడానికి ఆ మాట స్థిరపడింది. పనివాళ్ల మధ్య అది బాగానే ఉంటుంది కాని, స్నేహితుడితో అలా అనడానికి నాకు మనసొప్పదు.

అన్నిటికంటే నన్ను కదిలించినది, చిన్న సందేశంతో పలకరించమనడానికి ఇప్పుడు వాడే ‘పింగ్’. నీటి అడుగున ఉన్నవాటిని కనిపెట్టే సోనార్ చేసే చప్పుడు అది. అవతలి కంప్యూటరు పలుకుతున్నదో లేదో తెలుసుకోవడానికి మైక్ మూస్ 1983లో రాసిన ప్రోగ్రాముకు ఆ చప్పుడు పేరే పెట్టాడు. అది అడిగేది ఒక్కటే: ఉన్నావా? సెలవుల్లో మనం మూడు చుక్కలు మాత్రమే పెట్టి పంపుకున్న కార్డులు నాకు వెంటనే గుర్తుకు వచ్చాయి. మూడో చుక్క అర్థం నీకు తెలుసు కనుక ఇక్కడ రాయను.

ఇంకొకటి గమనించాను. ‘గెట్ ఇన్ టచ్’ అన్నా, లాటిన్‌లో తాకడమనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన ‘కాంటాక్ట్’ అన్నా, ఇంగ్లీషు వాళ్లకు బంధం స్పర్శలో ఉంది. మనం కబురు పెడతాము, పలకరిస్తాము, చాలాకాలం కనబడకపోతే నల్లపూసవైపోయావంటాము. మనకు అది మాటలోనూ చూపులోనూ ఉన్నట్టుంది. అయితే ‘కలుసుకోవడం’ దీనిలో ఎక్కడ ఇముడుతుందో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను, నీకేమనిపిస్తుంది?

ఆ తల్లి మాటను ‘రెండు ముక్కలు రాయి’ అని దిద్దాను. ప్రతిని తీసుకువెళ్లే మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ‘లూజ్ టచ్’ గురించి చెప్పవలసినది అలాగే

నీ
మూడో చుక్క